వాన ఆపిన ఆటలు: మెట్స్ వెంట అట్లాంటా, మిల్వాకీ, మళ్ళీ అట్లాంటా

సెప్టెంబర్ 24, మంగళవారం, అట్లాంటా

బేస్‌బాల్ సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 162 ఆటలు. మార్చి చివర మొదలైతే సెప్టెంబర్ చివరికి గానీ లెక్క తేలదు. 2024లో న్యూయార్క్ మెట్స్ మొదటి ఐదు ఆటలూ ఓడిపోయారు. జూన్ మొదట్లో చూస్తే గెలిచినవాటికంటే ఓడినవి పదకొండు ఎక్కువ. అలాంటి జట్టు వేసవంతా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చి, సొంత మైదానంలో ఆఖరి ఆదివారం ఫిలడెల్ఫియాను 2-1తో ఓడించింది. అమెరికా బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ పోటీకి, వెళ్ళేవి ఆరు జట్లు: డివిజన్లు (లీగ్‌లోని చిన్న గుంపులు) గెలిచిన మూడు, డివిజన్ గెలవకపోయినా మంచి రికార్డుతో వైల్డ్ కార్డ్ మీద వచ్చే మూడు. శాన్ డియేగో మంగళవారం రాత్రికే తన చోటు ఖాయం చేసుకుంది. మిగిలిన రెండు చోట్ల కోసం మూడు జట్లు నిలబడ్డాయి: మెట్స్, అట్లాంటా బ్రేవ్స్, అరిజోనా డైమండ్‌బ్యాక్స్.

మెట్స్‌కి ఆఖరి వారం ఆటలన్నీ పరాయి ఊళ్ళలోనే. ముందు అట్లాంటా, తర్వాత మిల్వాకీ. ఇన్నాళ్ళు వెంట ఉండి ఈ వారం టీవీలో చూడటానికి మనసొప్పలేదు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి బయల్దేరాను.

అట్లాంటా పక్కన కమింగ్‌లో అక్కా బావా ఉంటారు. మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్న ఊరు. బావది ప్రకాశం జిల్లా. బ్రేవ్స్ తమ పాత మైదానం టర్నర్ ఫీల్డ్‌లో ఆడిన రోజుల్లో ఆఫీసువాళ్ళు ఒకసారి ఆటకు తీసుకెళ్తే బ్రేవ్స్ మీద పడిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. గుమ్మంలోనే, "ఏరా, నీ జెర్సీ వేసుకునే దిగావా? వాన పడేలా ఉంది, తడిసి రంగు పోతుంది చూసుకో," అన్నాడు.

బ్రేవ్స్ ఆడే ట్రూయిస్ట్ పార్క్ నగరం నడిబొడ్డున లేదు. కాబ్ కౌంటీలో, రైలు వెళ్ళని చోట ఉంది. కారు తప్పదు. దగ్గర పార్కింగ్ నలభై డాలర్లు చెప్పారు, దూరంగా ఇరవైకి దొరికింది. అక్క కట్టిచ్చిన పులిహోర పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉంటే గేటు దగ్గర ఆపలేదు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది. దారి పక్కన ఒక పెద్దాయన పెద్ద గిన్నెలో ఉప్పునీళ్ళలో ఉడికించిన వేరుశెనక్కాయలు అమ్ముతున్నాడు, సంచి ఐదు డాలర్లు. జార్జియా వేరుశెనగకు పెట్టింది పేరు. బావ రెండు సంచులు కొని, తొక్కలు వలుస్తూ, "మా ఊళ్ళో పొలం గట్టు మీద కూడా ఇంతేగా," అన్నాడు.

మెట్స్ 5-1తో ఓడారు. స్పెన్సర్ ష్వెల్లెన్‌బాక్ అనే కుర్ర పిచ్చర్ (బంతి వేసేవాడు) మావాళ్ళని కుదురుగా నిలబడనివ్వలేదు. అసలే అట్లాంటా మాకు అచ్చిరాదు. 2022లో ఇదే మైదానంలో సీజన్ చివర వరసగా మూడు ఓడి, పదిన్నర ఆటల ఆధిక్యంలో ఉండిన డివిజన్‌ని వీళ్ళకే వదులుకున్నారు. నలభై వేలమంది చేతులు గొడ్డలిలా ఊపుతూ పాడే ఆ పాట మొదలైతే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆ ఊపుడు తమని కించపరుస్తుందని స్థానిక తెగలవాళ్ళు చాలామంది చెబుతూనే ఉన్నారు. 2019లో చెరోకీ తెగకు చెందిన రయన్ హెల్స్‌లీ, ఇక్కడికి ఆడటానికొచ్చిన పిచ్చర్, ఆ మాట నేరుగా అన్నాడు. బావ అప్పట్నుంచి చెయ్యెత్తడు. పాట వచ్చినప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు.

సెప్టెంబర్ 25, బుధవారం, కమింగ్

హెలీన్ తుపాను మెక్సికో గల్ఫ్‌లో బలపడుతోందని పొద్దుటి నుంచీ వార్తలు. మధ్యాహ్నానికల్లా బుధ, గురువారాల ఆటలు రెండూ వాయిదా వేశారు. రెండూ కలిపి సోమవారం, 30న, డబుల్ హెడర్‌గా, అంటే ఒకే రోజు రెండు ఆటలుగా, ఆడాలట. అంటే సీజన్ అధికారికంగా ముగిసిన మర్నాడు. తుపాను వస్తుందని ముందే తెలిసినప్పుడు ఆ వారం మొదట్లోనే, రెండు జట్లకీ సెలవున్న సోమవారమే, ఒకటి ఆడించి ఉండాల్సిందని చాలామంది విమర్శించారు. నాకూ అదే సబబనిపించింది. మూడు జట్ల భవిష్యత్తు ఈ రెండు ఆటల మీద వేలాడుతుంటే వాటిని చివరికి నెట్టడం ఎవరికీ న్యాయం కాదు.

విమానాలు ఆలస్యమవుతాయని, రద్దవుతాయని ఫోన్ల మీద ఫోన్లు. బావ సాయంత్రం టీ తాగుతూ, "నాకు ఈ రెండు రోజులూ సెలవే ఉందిరా. కారులో పోదాం మిల్వాకీ. మీవాళ్ళు ఓడిపోవడం కళ్ళారా చూసొస్తా," అన్నాడు. అక్క ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. రాత్రికల్లా జంతికలు, గోంగూర పచ్చడి, ఫ్లాస్కు బల్ల మీదున్నాయి.

సెప్టెంబర్ 26, గురువారం, దారిలో

తెల్లవారకముందే వానలో బయల్దేరాం. ఎనిమిది వందల మైళ్ళు. చాటనూగా దాటాక మాంటీగల్ కొండ ఎక్కుతుంటే ముందున్న లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనపడలేదు. నాష్‌విల్‌కి వచ్చేసరికి వాన వెనకబడింది.

కెంటకీలోకి వచ్చాక పెట్రోలుకి దిగితే, ఫోన్‌లో మ్యాపు మళ్ళీ పెద్దరోడ్డెక్కించకుండా హాప్కిన్స్‌విల్ వైపు పల్లె దారుల్లోకి తీసుకెళ్ళింది. అక్కడ చూశాను ఆ దృశ్యం. పొలాల మధ్య నల్లటి చెక్క కొట్టాలు, గోడల సందుల్లోంచీ పైకప్పులోంచీ పొగ. ఒక్క క్షణం ఏదో తగలబడుతోందనుకున్నాను. బావ మాత్రం కారు పక్కకు తీసి ఆపేశాడు. అద్దం దించి వాసన పీల్చాడు. "పొగాకురా. బ్యారన్లు."

కొట్టం దగ్గర టోపీ పెట్టుకున్న ఒక ముసలి రైతు ఉన్నాడు. బావ దిగి వెళ్ళి, తన తాత కందుకూరు దగ్గర పొగాకు వేసేవాడని చెప్పాడు. అంతే, ఆయన తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు. కర్రలకు గుచ్చిన ఆకు అంతస్తులు అంతస్తులుగా వేలాడుతోంది. కింద నేల మీద గట్టి కలప చెక్కలు, వాటి మీద రంపపు పొట్టు, మంట లేకుండా నిదానంగా రాజుకుంటున్నాయి. ఆ పొగ నేరుగా ఆకుకి పట్టాలి. మన దగ్గర బ్యారన్‌లో పొయ్యి బయట ఉంటుంది, గొట్టాల్లోంచి వేడి మాత్రమే లోపలికి వెళ్తుంది, ఆకు పసుపుపచ్చగా పండుతుంది. ఇక్కడి ఆకు ముదురు గోధుమరంగులోకి తిరుగుతుంది. మంట ఎగిసిందా, ఏడాది పంట ఒక్క రాత్రిలో బూడిద. అందుకే కాపలా కాస్తూ కొట్టం దగ్గరే పడుకుంటానన్నాడాయన. బావ ధర అడిగాడు, కూలీ అడిగాడు, ఆకు ఎన్నాళ్ళుంచుతారని అడిగాడు. ఇద్దరూ రైతుల్లాగే మాట్లాడుకున్నారు. బేస్‌బాల్ ఊసే రాలేదు. వచ్చేటప్పుడు ఆయన జంతికలు రెండు తిని, ఇంకో రెండు జేబులో వేసుకున్నాడు.

ఒహాయో నది దాటితే ఇల్లినాయ్. ఆ పైన సోయా, మొక్కజొన్న కోతలు, దుమ్ము లేపుతూ పెద్ద పెద్ద యంత్రాలు. రాత్రికి ఎఫింగమ్‌లో ఆగాం. ఊరి పొలిమేరలో 198 అడుగుల తెల్లటి శిలువ ఉంది, మైళ్ళ దూరం నుంచి కనిపిస్తుంది. గది డెబ్బై నాలుగు డాలర్లు. ఆ రాత్రే హెలీన్ ఫ్లోరిడా తీరం దాటింది.

సెప్టెంబర్ 27, శుక్రవారం, మిల్వాకీ

పొద్దున్నే అక్క ఫోను. ఇంట్లో కరెంటు ఉంది, వరద నీళ్ళు రాలేదు, కానీ నగరంలో పీచ్‌ట్రీ వాగు పొంగి అపార్ట్‌మెంట్ల కింది అంతస్తులు మునిగాయి. అట్లాంటా నగరానికి అంతకుముందెప్పుడూ జారీ చెయ్యని స్థాయి వరద హెచ్చరిక జారీ అయింది. చికాగో దాటి మిల్వాకీ చేరేదాకా బావ రేడియో మార్చలేదు.

విస్కాన్సిన్‌లో శుక్రవారమంటే చేపల వేపుడు. కేథలిక్కులు శుక్రవారం మాంసం ముట్టని ఆచారం నుంచి వచ్చింది. జర్మన్, పోలిష్ కుటుంబాలు స్థిరపడిన ఈ ఊళ్ళో ఇప్పుడు ఏ మతం వాళ్ళైనా శుక్రవారం చేపలే తింటారు. చెక్క పలకల గోడలున్న ఒక చిన్న టావెర్న్‌కి వెళ్ళాం. పలచటి పిండిలో ముంచి వేయించిన కాడ్, బంగాళాదుంప అట్లు, వాటితో యాపిల్ గుజ్జు, క్యాబేజీ సలాడ్, రై బ్రెడ్డు. పద్దెనిమిది డాలర్లు. పక్క బల్ల మీది ముసలమ్మ నా మెట్స్ టోపీ చూసి, "మిమ్మల్ని ఓడిస్తాం, కానీ ముందు అట్లు చల్లారకుండా తినండి," అంది. అట్ల మీద యాపిల్ గుజ్జు ఎలా రాసుకోవాలో చూపించింది కూడా.

ఓడించారు, 8-4. వెన్నునొప్పితో రెండు వారాలకు దగ్గరగా దూరమైన ఫ్రాన్సిస్కో లిండోర్ తిరిగి వచ్చాడన్నదొక్కటే ఊరట. అక్కడ అట్లాంటాలో బ్రేవ్స్ గెలిచారు.

సెప్టెంబర్ 28, శనివారం, మిల్వాకీ

ఇక్కడ ఆట మైదానంలో కాదు, కారు పార్కింగ్‌లో మొదలవుతుంది. మూడు గంటల ముందే వచ్చి, కారు వెనక తలుపెత్తి, బొగ్గుల కుంపటి వెలిగిస్తారు. మిల్వాకీ బ్రూయర్స్ పది రోజుల కిందటే తమ డివిజన్ గెలిచేశారు కాబట్టి ఎవరి మొహంలోనూ ఆందోళన లేదు. బీరూ ఉల్లిపాయలూ వేసి ఉడికించి తర్వాత కాల్చే బ్రాట్‌వర్స్ట్ సాసేజీల వాసన మైదానం చుట్టూ కమ్ముకుంది. పక్క కారు కుటుంబం మమ్మల్ని చూడగానే కుర్చీలు వేసింది. ఇంటావిడ పళ్ళెంలో సాసేజీలు పెట్టి ఇస్తే బావ చేతులు జోడించి, శనివారం వెంకటేశ్వరస్వామి వారం, మాంసం తిననని చెప్పాడు. ఆవిడ వెంటనే, "మా అమ్మకి శుక్రవారాలు అలాగే," అని కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు వేసి, తాజా చీజ్ కర్డ్స్ (చిన్న చీజ్ ముక్కలు) సంచి విప్పింది. పళ్ళ కింద కీచుమంటేనే అవి ఆనాటివట. దైవం పేరు పలకడం రెండుసార్లు సాధన చేసి మరీ సరిగ్గా పలికింది. బదులుగా బావ జంతికల డబ్బా మొత్తం వాళ్ళ బల్ల మీద పెట్టేశాడు.

బావ మిల్వాకీకి నాతో రావడానికి ఇంకో కారణం ఉందని అప్పుడే తెలిసింది. ఒకప్పటి బ్రేవ్స్ ఆటగాడు హాంక్ ఆరన్ తన 755వ హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది), ఆఖరిది, 1976 జూలై 20న ఇక్కడి కౌంటీ స్టేడియంలో కొట్టాడు. ఆ స్టేడియం ఇప్పుడు లేదు, కానీ బంతి పడిన చోట పార్కింగ్‌లో ఒక ఫలకం ఉంది. దాన్ని వెతకడానికి ముప్పావు గంట పట్టింది. పసుపు చొక్కా వేసుకున్న కుర్రాడు ఒకవైపు చూపించాడు, అక్కడ వేరే ఫలకం ఉంది. ఇంకొకాయన ఎదురువైపు పంపాడు. చివరికి రెండు కార్ల మధ్య దొరికింది.

బ్రేవ్స్ 1953 నుంచి 1965 దాకా మిల్వాకీ జట్టే. ఆరన్ 1954లో ఇక్కడ మొదలుపెట్టాడు, 1957లో ఇక్కడి జట్టుతోనే వరల్డ్ సిరీస్ గెలిచాడు, జట్టుతో పాటు అట్లాంటా వెళ్ళాడు, ఆఖరి రెండేళ్ళు బ్రూయర్స్‌కి ఆడటానికి ఈ ఊరికే తిరిగొచ్చాడు. బేబ్ రూత్ పేరిట ఉన్న 714 హోమ్ రన్ల రికార్డుని దాటబోతున్నాడని తెలిసినప్పుడు నల్లవాడన్న ఒక్క కారణంతో చంపుతామని ఉత్తరాలు రాశారు. ఆయన బ్యాటు ఆపలేదు. 1974 ఏప్రిల్ 8న 715 కొట్టాడు. బావ మోకాలు మీద కూర్చుని ఫలకం మీది ఎండుటాకులు చేత్తో తుడిచాడు. ఆ కాసేపు మేమిద్దరం ఏ జట్టువాళ్ళమో గుర్తు రాలేదు.

పైకప్పు మూసిన మైదానంలో ఆరో ఇన్నింగ్స్‌కి (ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్) సాసేజీ వేషాలు వేసుకున్న ఐదుగురు పరుగు పందెం పెట్టారు. పిల్లల కేకలకు చెవులు గింగుర్లెత్తాయి. ఎక్కడో గూటిలో కూర్చుని అప్పటికి తొంభై ఏళ్ళ బాబ్ యూకర్ రేడియోలో వ్యాఖ్యానం చెప్పాడు, 1971 నుంచీ ఈ జట్టుకి ఆయన గొంతే ఉండేది. పక్క సీట్లో తాతగారు చెవిలో రేడియో పెట్టుకుని కళ్ళముందున్న ఆటని ఆయన మాటల్లోనే చూస్తున్నాడు. మెట్స్ 6-0తో ఓడారు. బ్రేవ్స్ మళ్ళీ గెలిచారు. పట్టికలో మమ్మల్ని దాటేశారు.

సెప్టెంబర్ 29, ఆదివారం, మిల్వాకీ నుంచి రాత్రి దారి

డేవిడ్ పీటర్సన్. ఈ పేరు నేను మర్చిపోను. ఓడితే దాదాపు దారి మూసుకుపోయే రోజున ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగివ్వలేదు. లిండోర్ హోమ్ రన్ కొట్టాడు. మెట్స్ 5-0. బయటికొస్తుంటే నిన్నటి పార్కింగ్ కుటుంబం దూరం నుంచి అరిచింది: "మంగళవారం కలుద్దాం!" మెట్స్ గట్టెక్కితే మొదటి సిరీస్ మళ్ళీ మిల్వాకీలోనే కావచ్చు.

బ్రేవ్స్ ఆ రోజు కాన్సస్ సిటీ చేతిలో ఓడారు. అరిజోనా గెలిచి 89-73తో సీజన్ ముగించింది. మెట్స్ 88-72, బ్రేవ్స్ 88-72. లెక్క ఇంతకంటే సూటిగా ఉండదు. ఐపీఎల్‌లోలాగా నెట్ రన్ రేట్ గొడవ ఇక్కడ లేదు, గెలుపులు సమానమైతే వాళ్ళలో వాళ్ళు ఆడుకున్నప్పుడు ఎవరిది పైచేయి అన్నదే చూస్తారు. అరిజోనా మీద మాకూ బ్రేవ్స్‌కీ ఆ పైచేయి ఉంది. సోమవారం చెరొకటి గెలిస్తే ఇద్దరం లోపల, అరిజోనా బయట. ఎవరైనా రెండూ గెలిస్తే ఓడినవాళ్ళు బయట, అరిజోనా లోపల. బావ స్టీరింగ్ పట్టుకుని ఈ లెక్క మూడు నాలుగుసార్లు పైకి చెప్పుకున్నాడు.

రాత్రంతా వంతులవారీగా నడిపాం. ఇల్లినాయ్ దక్షిణాన పెట్రోలు బంకులో కరెంటు స్తంభాలెక్కే బకెట్ లారీలు ఇరవై దాకా బారులు తీరి ఉన్నాయి. ఉత్తర రాష్ట్రాల లైన్‌మెన్లు, నార్త్ కరోలినా కొండలవైపు వెళ్తున్నారు. ఆష్‌విల్ చుట్టుపక్కల ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయని, రోడ్లు లేవని, ఎప్పుడు తిరిగొస్తామో తెలియదని ఒకతను చెప్పాడు. అతని కాఫీకి బావ డబ్బులిచ్చాడు. వెనక నిలబడ్డ మరో ముగ్గురివి కూడా కట్టాడు. కారెక్కాక చాలాసేపు మేం ఆట గురించి మాట్లాడుకోలేకపోయాం.

తెల్లవారుజామున జార్జియాలోకి రాగానే వాఫిల్ హౌస్. ఈ హోటళ్ళు రాత్రీపగలూ మూయరు. తుపాను వచ్చినప్పుడు ఒక ఊళ్ళో వాఫిల్ హౌస్ తెరిచి ఉందా, సగం మెనూతో నడుస్తోందా, మూసేశారా అన్నదాన్నిబట్టి అక్కడి నష్టం అంచనా వేసే పద్ధతి విపత్తుల శాఖ అధికారుల్లో ఉంది. గుడ్లు, ఉల్లిపాయలు వేసి కరకరలాడేలా వేయించిన బంగాళాదుంప తురుము, ఇద్దరికీ కలిపి ఇరవై ఆరు డాలర్లు. వడ్డించినావిడ నన్ను "హనీ" అని, బావని "సర్" అని పిలిచింది.

సెప్టెంబర్ 30, సోమవారం, అట్లాంటా

అక్క ఇంట్లో రెండు గంటలు పడుకుని, ఒంటిగంటా పది ఆటకి వెళ్ళాం. పనిరోజు మధ్యాహ్నం. మా వరసలో నారింజరంగు చొక్కాల్లో న్యూయార్క్‌లోని క్వీన్స్ నుంచి వచ్చిన దంపతులున్నారు. 1969లో మెట్స్ మొదటి కప్పు గెలిచినప్పుడు ఆయన స్కూలు పిల్లాడట. ఆవిడ గుప్పిట్లో జపమాల.

ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి బ్రేవ్స్ 3, మెట్స్ 0. మళ్ళీ అదే ష్వెల్లెన్‌బాక్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో టైరోన్ టేలర్ డబుల్ (ఒక్క దెబ్బకు రెండో బేస్ చేరడం), వెంటనే ఫ్రాన్సిస్కో అల్వారెజ్ డబుల్. అక్కణ్ణించి కట్ట తెగింది. స్కోరు సమమైంది, మార్క్ వియెంటోస్ గాల్లోకి లేపిన బంతితో (ఫ్లై) మాకు ఒక పరుగు ఆధిక్యం వచ్చింది, బ్రాండన్ నిమ్మో రెండు పరుగుల హోమ్ రన్. 6-3. క్వీన్స్ ఆవిడ నన్ను కౌగిలించుకుంది.

అదే ఇన్నింగ్స్ రెండో సగంలో, బ్రేవ్స్ బ్యాటింగ్ వంతులో, బంతి ఫస్ట్ బేస్ వైపు వెళ్తే అక్కడికి పరుగెత్తాల్సిన మా పిచ్చర్ ఎడ్విన్ డియాజ్ నిలబడిపోయాడు. ఒక పరుగు. తర్వాత ఓజీ ఆల్బీస్, మణికట్టు విరిగి ఈమధ్యే తిరిగొచ్చినవాడు, మూడు పరుగుల డబుల్ బాదాడు. బ్రేవ్స్ 7-6. మైదానం ఊగింది. బావ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, మళ్ళీ కూర్చున్నాడు, నా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి తియ్యలేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్. స్టార్లింగ్ మార్టే సింగిల్ (మొదటి బేస్ చేరే దెబ్బ). లిండోర్ వచ్చాడు. నిన్నగాక మొన్నటిదాకా వంగలేకపోయిన మనిషి. బ్రేవ్స్ పిచ్చర్ పియర్స్ జాన్సన్ వేసిన బంతి కుడి మధ్య వైపు లేచినప్పుడు ఎక్కడా శబ్దం లేదు, మా మూల తప్ప. రెండు పరుగులు. 8-7. మొదటి తప్పిదాన్ని మోస్తూనే డియాజ్ మళ్ళీ వచ్చి ఆఖరి మూడు అవుట్లూ తీశాడు. మెట్స్ ప్లేఆఫ్స్‌లోకి వెళ్ళారు. నేను ఏడ్చాను. క్వీన్స్ తాత కూడా.

ఇక బావ ఆట. నేషనల్ లీగ్‌లో ఈ ఏడాది అందరికన్నా మేటి పిచ్చర్ క్రిస్ సేల్‌కి వెన్ను పట్టేసిందని చివరి నిమిషంలో తెలిసింది. బదులు గ్రాంట్ హోమ్స్ వేశాడు. పని పూర్తయిన మావాళ్ళు ప్రధాన ఆటగాళ్ళకు విశ్రాంతి ఇచ్చారు. అరిజోనావాళ్ళకు అది ఎంత మంటగా ఉండి ఉంటుందో నాకు తెలుసు. కానీ మర్నాడే మిల్వాకీలో ఆడాల్సిన జట్టు అలసిన వాళ్ళని నిలబెట్టడం ధర్మం కాదు. మొదటి ఆటలో మా దెబ్బ తిన్న బ్రేవ్స్ పిచ్చర్ రైసెల్ ఇగ్లేసియాసే రెండో ఆట ముగించాడు. బ్రేవ్స్ 3-0. ఇంతసేపూ గొంతు పెగలని బావ అప్పుడు ఒక్క కేక పెట్టాడు. మైదానం బయట పెద్ద తెర కింద నీలం చొక్కాలూ ఎరుపు చొక్కాలూ కలిసి ఫోటోలు దిగుతున్నారు. మేమూ దిగాం, అక్కకి పంపాం.

అక్టోబర్ 3, గురువారం, ఎడిసన్

బ్రేవ్స్ శాన్ డియేగోలో రెండూ ఓడి ఇంటికెళ్ళారు. మిల్వాకీలో మెట్స్ ఒకటి గెలిచి ఒకటి ఓడి, మూడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 2-0 వెనకబడి ఉన్నారు. ఫోన్‌లో బావ ఉన్నాడు, ఇద్దరం మాట్లాడకుండా చెరో టీవీ చూస్తున్నాం. పీట్ అలాన్సో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. తర్వాత ఇంకో పరుగు, 4-2. "ఒరేయ్!" అని బావ అరిచిన అరుపుకి అక్క వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడగడం నాకు వినిపించింది.

ఎనిమిదో తారీకు ఫిలడెల్ఫియాతో క్వీన్స్‌లో ఆట. బావ టికెట్టు కొనేశాడు. మధ్యాహ్నమే దిగుతాడట. ముందు ఫ్లషింగ్ గణపతి గుడికెళ్ళి, కింద క్యాంటీన్‌లో మసాలా దోశ తిని, అక్కణ్ణించి మైదానానికి. నారింజరంగు చొక్కా మాత్రం వేసుకోనని, ఆ విషయంలో బలవంతపెట్టొద్దని ముందే చెప్పాడు.